ఆపడం ఎరగని దరువు

మా చుట్టుపక్కల పది ఊళ్ళలో నా అంత ఛాతీ ఉన్నవాడు లేడు. గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకుంటే అనుకోండి, ఉన్నమాటే చెబుతున్నాను. చీపురుపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం మాది. కొంచెం మెట్ట కూడా ఉంది, గంటెలు, అంటే సజ్జలు, ఉలవలు పండుతాయి. కానీ జనం నన్ను ఎరిగింది గొర్రెల వల్లా కాదు, గంటెల వల్లా కాదు. తప్పెటగుళ్ళ వల్ల. గుండ్రటి రేకు తప్పెట గుండెల మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని, రెండు చేతులా వాయిస్తూ గెంతుతూ పాడే ఆట అది. మా తాత ఆడించాడు, మా అయ్య ఆడించాడు, ఆయన మోకాళ్ళు మొరాయించాక నేను ఆడిస్తున్నాను. జట్టుని నడిపేవాణ్ణి గురువంటారు. గెంతుతూ పాడాలి, పాడుతూ గెంతాలి. ఊపిరి ఉన్నవాడే గురువు.

అలాంటి నాకు కిందటేడు దీపం ఊదడానికి కూడా ఊపిరి లేకుండా పోయింది. ఇప్పుడు మళ్ళీ చలి మొదలైంది, ఊళ్ళో దగ్గులు వినిపిస్తున్నాయి. "గురువా, నీకేటయిందో ఓపాలి సెప్పు" అని మా కుర్రాళ్ళు ఒకటే గొడవ. నోటితో చెబితే ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెప్పుకుని తిరుగుతాడు. చదివిన ఎనిమిదో తరగతి వృథా పోకుండా రాసి పెడుతున్నాను. చావు గుమ్మం దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి, ఆమాత్రం నా మాట వినండి.

కార్తీకం, 1968

ఆ ఏడు వానలు వెనకబట్టాక కొత్త జ్వరం ఒకటి వచ్చింది. స్టేషన్లో పేపరు చదివేవాళ్ళు హాంకాంగ్ జ్వరమన్నారు. ఆ ఊరెక్కడుందో మాకు తెలియదు, మా ఊరివాళ్ళు దానికి రొంపజొరమని పేరు పెట్టుకున్నారు. ముందు మా అయ్యకి వచ్చింది. ఆయనకి అరవై దాటాయి, చుట్ట వదలడు, పొద్దున్నే పిల్లికూతలు లేనిదే ఊపిరి రాదు. ఇంక ఈయన పని అయిపోయిందనే అనుకున్నాం. ఆయన నాలుగు రోజులు గొంగళి కప్పుకుని, మిరియాల చారు తాగి, లేచి గొర్రెల వెంట పోయాడు. తర్వాత మా అమ్మకి వచ్చింది. ఆ తర్వాత నా బామ్మర్ది సింహాచలానికి. వాడు నా భార్య రాములమ్మ తమ్ముడు, జట్టులో నా తర్వాతివాడు, గాలేస్తే ఎగిరిపోయే మనిషి. వాడూ లేచి తిరిగాడు. ముగ్గురినీ నేను ఆటపట్టించాను. "రొంపకే మంచమెక్కినారు, రేపు పెద్దజొరం వస్తే ఏటి సేస్తారు?" అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిది కాదు. ఆ వారంలోనే నాకూ పట్టుకుంది. నడుము విరిగినట్టు, కళ్ళల్లో కారం పోసినట్టు, ఎవరో ఒళ్ళంతా తొక్కి పోయినట్టు ఉంది. రెండు మూడు రోజులు అలా పడి ఉన్నాక ఒక పొద్దున్న చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆట ఉంది. మా వైపు వాగుని గడ్డ అంటారు. గడ్డ అవతలి ఊరివాళ్ళు అంతకు చాలా ముందే వచ్చి తాంబూలం ఇచ్చి వెళ్ళారు. తాంబూలం పుచ్చుకున్నాక ఆట మానడం మా ఇంటావంటా లేదు. పైగా మా గుళ్ళవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. తప్పెట కట్టి గెంతితే రొంప నిలవదని. నేనే చిన్నప్పటి నుంచీ ఎన్ని రొంపలు అలా వదిలించుకున్నానో.

"నాలుగు దరువులు పడితే సెమటతో పాటు ఉన్న జొరం కూడా ఊడి పోతాది. లెగు" అన్నాడు మా అయ్య.

రాములమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "మావా, నీ కళ్ళు ఇంకా సింతనిప్పుల్లాగున్నాయి. మా తమ్ముణ్ణి ఆడించమను. నువ్వు కూకుని సూడు."

"గురువు కూకుంటే గుళ్ళు లెగుస్తాయేటే?" అన్నాను. అన్న మాట నాకే బాగా నచ్చి, దారిపొడుగునా నవ్వుకుంటూ వెళ్ళాను. రాములమ్మ వెనకే వచ్చింది.

ఇక్కడ మా ఆట గురించి ఒక సంగతి చెప్పాలి. ఒకసారి దరువు ఎత్తాక గురువు తగ్గించేదాకా ఎవడూ ఆపకూడదు. గురువు దరువు మెల్లమెల్లగా దించి, రెండు చేతులూ పైకెత్తాలి. అప్పుడే ఆట ఆగినట్టు. ఈలోగా కాలికి మేకు దిగినా ఆడాల్సిందే. మా తాత హయాంలో ఒకడి పూరిల్లు అంటుకుంటే, వాడు ఆట ముగిశాకే ఇంటికి పరిగెత్తాడట. ఆ కథ మా వాళ్ళు ఇప్పటికీ మీసం దువ్వుతూ చెప్పుకుంటారు. నేనూ చెప్పేవాణ్ణి.

ఆ సాయంత్రం మొదటి పాట బాగానే నడిచింది. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. రెండో పాటకి వచ్చేసరికి రేకు తప్పెట కింద ఛాతీ బిగుసుకుంటున్నట్టు అనిపించింది. అప్పుడే దించాల్సింది. కానీ జనం ఈలలు వేస్తున్నారు, గజ్జెలు ఒక్క మోతగా మోగుతున్నాయి, నేను ఇంకా ఎత్తాను. సింహాచలం నా మొహం చూశాడు. నా పెదాలు నల్లబడ్డాయని తర్వాత చెప్పాడు. వాడి కళ్ళల్లో భయం నాకు కనిపించింది. అయినా వాడు ఆపలేదు, ఆపడం వాడి పని కాదు. నేను పాటలో ఒక మాట అందుకోబోయాను. మాట రాలేదు. నేల నా మీదకి వచ్చింది.

నేను పడిపోయాక కూడా ఆట ఆగలేదు. అది నాకు స్పృహలోనే తెలుసు. మొహం మట్టిలో ఉంది, చెవి పక్కనే కాళ్ళు గెంతుతున్నాయి. పాట లేదు, పాడేవాడు లేడు, దరువు మాత్రం నడుస్తోంది. చేతులెత్తాల్సిన నేను కిందపడి ఉన్నాను. నేను ఎత్తందే వాళ్ళు ఆపరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఏం చెయ్యాలో తెలియక, మరింత జోరుగా వాయిస్తున్నారు. 

ఆడవాళ్ళు మా ఆట వలయంలోకి అడుగు పెట్టకూడదు. రాములమ్మ కొంగు నడుముకి బిగించి దూసుకొచ్చింది. తమ్ముడి గుండెల మీద తప్పెటని అరచేత్తో అదిమి పట్టింది.

"ఆపండర్రా! మనిసి సచ్చిపోతన్నాడు, కనపడతందా మీకు?"

అప్పుడు ఆగింది ఆట.

అసలు జబ్బు ఆ రాత్రి నుంచి మొదలైంది. జ్వరం రెట్టింపై తిరిగొచ్చింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే తల నిలవదు. మెట్ట దున్నుతున్న ఎద్దులా రొప్పుతున్నాను. ఇంట్లో జబ్బుకన్నా పెద్ద రగడ. ఆడది వలయంలోకి వచ్చినందుకే అమ్మవారికి కోపం వచ్చిందని మా అయ్య. విబూది పెట్టే దాసుణ్ణి పిలిపిద్దామని మా అమ్మ.

"నీ వల్లే వచ్చినాదే ఇది" అన్నాడు మా అయ్య కోడలితో.

"నా వల్లే వచ్చినాదనుకో మావా. నానే తీసుకుపోయి బాగు సేయించుకొస్తాను" అంది రాములమ్మ.

మామకి ఎదురు చెప్పడం అదే మొదలు దానికి. ఆ తర్వాత మా అయ్య దానితో చాలాకాలం మాట్లాడలేదు.

తెల్లారాక బండి కట్టించి చీపురుపల్లి స్టేషనుకి చేర్చింది. సింహాచలం నన్ను చంకలో చెయ్యేసి పట్టుకుని రైలెక్కించాడు. గాలేస్తే ఎగిరిపోయేవాడని అన్నాను కదా, ఆ రోజు నన్ను మోసింది వాడే. పెట్టె కిటకిటలాడుతోంది. నా రొప్పు విని జనం లేచి బల్ల మొత్తం ఖాళీ చేశారు. బట్టల వ్యాపారి ఒకాయన తన మూట తెచ్చి నా వీపు వెనక పెట్టాడు. "ఆనుకో నాయనా, కొత్త బట్టలే" అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. ఆ మూట మెత్తదనం మాత్రం నా వీపుకి ఇప్పటికీ గుర్తుంది.

మార్గశిరం

విజయనగరం ఆసుపత్రి వరండా నిండా దగ్గులే. ముసలివాళ్ళు, పసివాళ్ళు, గోడలకి ఆనుకున్నవాళ్ళు, నేల మీద పడుకున్నవాళ్ళు. అందరి కళ్ళూ ఒకే తలుపు మీద. తలుపు తెరుచుకుంటే అందరం ఒకేసారి తల ఎత్తేవాళ్ళం, మూసుకుంటే దించేవాళ్ళం. జట్టు కట్టి ఆడుతున్నట్టే ఉందని నాకు నవ్వొచ్చింది. నవ్వడానికి గాలి లేదు.

డాక్టరమ్మ కాకినాడ వైపు మనిషి. నడివయసు, మాట కటువు. నా ఛాతీ మీద గొట్టం పెట్టబోయి ఆగింది. తప్పెట అంచు ఒరుసుకుని ఒరుసుకుని అక్కడ గుండ్రంగా నల్లటి కాయ కట్టి ఉంటుంది.

"ఈ మచ్చ ఏమిటి?"

"గురువండమ్మా మా బావ. తప్పెటగుళ్ళు" అన్నాడు సింహాచలం, అదేదో మిలటరీ హోదా అన్నట్టు.

ఆమె చాలాసేపు విన్నది. ఆమె మొహంలో ఏమీ కనపడలేదు గానీ, లేచి బయటికి వెళ్ళేటప్పుడు నడక వేగంగా ఉంది. ఆ నడక చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

ముక్కుకి గొట్టం పెట్టారు, పక్కన ఇనప సిలిండరు. దాన్ని నేను మా పెంపుడు పొట్టేలులా చూసుకునేవాణ్ణి, అది నా పక్కనే ఉండాలి, ఎక్కడికీ పోకూడదు. ఆ రోజుల గురించి మాటల్లో చెప్పగలిగింది తక్కువ. గాలి కోసం ఛాతీ పైకి లేచేది, గాలి వచ్చేది, కానీ ఎక్కడికీ చేరేది కాదు. నిండిన కుండలో నీళ్ళు పోస్తున్నట్టు. నేను చచ్చిపోతానని నాకు తెలిసిపోయింది. చావు కన్నా ఒక సంగతి ఎక్కువ బాధపెట్టింది. నా ఛాతీ నన్ను మోసం చేసింది. చుట్ట కాల్చే మా అయ్య బతికాడు. ఎండుపుల్ల లాంటి సింహాచలం బతికాడు. పదూళ్ళకి మొనగాణ్ణి నేను పోతున్నాను. ఆ మాట తలుచుకుని ఏడ్చాను. ఏడవడానికి కూడా గాలి కావాలని అప్పుడే తెలిసింది.

పక్క మంచం మీద సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. వేటకి వెళ్ళే మనిషి. ఆయన భార్య పోలమ్మ గొంతు వార్డు ఆ చివర నుంచి ఈ చివరికి వినిపించేది. రాములమ్మ అన్నం మానేస్తే ఊరుకునేది కాదు.

"ఒసే సెల్లీ, నువ్వు ఎండితే ఆడికి ఊపిరొస్తాదేటే? ఈ గంజి తాగు. సేపలు లేని గంజే, నీకేటీ అవదు."

కాసేపు వాళ్ళాయనకీ, కాసేపు నాకూ తాటాకు విసనకర్రతో విసిరేది. "ఇద్దరు మగోళ్ళకి ఇసురుతన్నాను, మా ఊల్లో తెలిస్తే పరువు పోతాది" అని నవ్వేది. ఒక మధ్యాహ్నం ఆ నవ్వు ఆగిపోయింది. పెద్దాయన వెళ్ళిపోయాడు. ఆమె గట్టిగా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బట్టలు మూట కట్టుకుని, విసనకర్ర తెచ్చి రాములమ్మ చేతిలో పెట్టింది.

"నీకింకా పనుంది. ఇసురు" అంది.

ఆ విసనకర్ర మా ఇంట్లో చూరులో ఉంది. ఎవరికీ ఎరువివ్వం.

ఆ మర్నాడు డాక్టరమ్మ వచ్చినప్పుడు అడగడానికి నాకు ఊపిరి లేదు. నా తరఫున సింహాచలం అడిగాడు. "మా మావ ముసలోడు, ఆయనకి నాలుగు రోజుల్లో పోయినాది. నాకూ పోయినాది. బావకేటమ్మా ఇలాగయింది? ఆయన రాయిలాంటోడండి!"

ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అంతమంది రోగుల మధ్య ఆమె అలా కూర్చోవడమే నాకు ఒక గౌరవంగా అనిపించింది.

"జాగ్రత్తగా వినండి. క్రిమి ఒంట్లోకి వచ్చింది. ఒళ్ళు ఊరుకోదు కదా. రక్తంలో కాపలావాళ్ళు ఉంటారు, దాన్ని తరమడానికి వాళ్ళని పంపింది. జ్వరం, నొప్పులు, అవన్నీ ఆ పోట్లాట గుర్తులే. చాలామందికి క్రిమి పోగానే పోట్లాట చల్లారుతుంది. కొందరికి చల్లారదు. ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి, గాలికి చోటు లేకుండా పోతుంది. ఈయన ఛాతీలో క్రిమి ఇంకా ఉందో లేదో నేను చెప్పలేను. పోట్లాట మాత్రం ఉంది."

నేను గొట్టం పక్కకి జరిపి, ఒక్కో మాటా ఏరుకుంటూ అడిగాను. "అంటే... నా బలవే... నన్ను కొట్టినాదా అమ్మా?"

"అలా అనుకుని పొంగిపోకండి. ఎక్కువగా పోయేది ముసలివాళ్ళే, బలహీనులే. మీ నాన్నగారు అదృష్టవంతులు. కానీ అప్పుడప్పుడు మీ వయసువాళ్ళు, రాయిలా ఉన్నవాళ్ళు కూడా ఇలా పడతారు. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు."

"ఆడినందుకేనా?" అని రాములమ్మ అడిగింది. పాపం, ఎన్నాళ్ళ నుంచి ఆ ప్రశ్న దాని గొంతులో ఉందో.

"ఆడినందుకే అని నేను అనను. ఆడకపోయినా ఇలా అయ్యుండేదేమో. కానీ ఒళ్ళు లోపల పోట్లాడుతున్నప్పుడు బయట గెంతులేస్తే దానికి మేలు జరగదు. జ్వరం దిగితే జబ్బు పోయినట్టు కాదమ్మా."

అప్పుడు నాకు ఆ సాయంత్రం కళ్ళ ముందు కనిపించింది. మొహం మట్టిలో ఉంది, చెవి పక్కన కాళ్ళు గెంతుతున్నాయి. పాట అయిపోయింది, దరువు ఆగలేదు. నా లోపల జరుగుతున్నది అదే. మా కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నా మీద కోపం ఉన్నవాళ్ళు కాదు. ఆపమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ సంగతి డాక్టరమ్మకి ముక్కలు ముక్కలుగా చెప్పాను. సగం నేను, సగం సింహాచలం.

ఆమె మొదటిసారి నవ్వింది. "మరి ఆ రోజు ఆట ఎవరు ఆపారు?"

సింహాచలం వాళ్ళ అక్క వైపు చూపించాడు. రాములమ్మ తల దించుకుంది, తప్పు చేసినట్టు.

"మేం ఇక్కడ చేస్తున్నదీ ఆ పనే. ఒక సూది ఈ పోట్లాటని కాస్త చల్లార్చడానికి. ఇంకోటి ఈ సందులో వేరే క్రిమి దూరకుండా. మిగతాది ఆయన ఒళ్ళు వినాలి" అని లేచి, వెళ్తూ వెళ్తూ రాములమ్మ భుజం మీద చెయ్యి వేసింది. 

అంత జబ్బులోనూ నాకు గర్వం వేసింది. నా ఛాతీ గురించి కాదు. మా ఊరంతా తప్పు పట్టిన నా భార్యని, అంత చదివిన మనిషి తన పక్కన నిలబెట్టుకుంది. మా అయ్య అక్కడ ఉండి వింటే బాగుండునని ఎంత అనిపించిందో.

ఒళ్ళు విన్నది. ఒక్కసారిగా కాదు. ముందు గొట్టం లేకుండా కాసేపు కూర్చోగలిగాను. తర్వాత ఒక ముద్ద మింగి, మధ్యలో రొప్పకుండా రెండో ముద్ద అందుకున్నాను. రాములమ్మ ఆ రెండో ముద్దని చూసి కళ్ళు తుడుచుకుంది.

పుష్యం, మాఘం

ఇంటికి వచ్చినవాణ్ణి చూసి మా కుక్క మొరిగింది. అంత చిక్కిపోయాను. ఆ సాయంత్రం దీపం ఆర్పబోతే వత్తి ఊగింది తప్ప ఆరలేదు. మళ్ళీ ఊదాను, మళ్ళీ ఊగింది. మా అమ్మ వచ్చి చేత్తో ఆర్పేసింది. తప్పెట గోడకి మేకుకి వేలాడుతోంది. రెండు రోజులు చూసి, దాన్ని అవతల గదిలో పెట్టమన్నాను.

"ఉండనీ" అన్నాడు మా అయ్య. అంతే అన్నాడు.

మర్నాడు నన్ను గొర్రెల వెంట రమ్మన్నాడు. నడవలేనంటే, మందని దగ్గర్లోనే మేపుతాను, గట్టు మీద కూర్చోమన్నాడు. సాయంత్రం మందని పిలవమన్నాడు. మా గొర్రెల్ని పిలిచే కేక ఒకటుంది, గుండె అడుగు నుంచి లాగి వదలాలి. చిన్నప్పుడు ఆ కేకతోనే నాకు పాట నేర్పాడు. నేను పిలిచాను. వచ్చింది కేక కాదు, గాలి. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు. చేతుల్లో పెరిగిన మంద నా గొంతు పోల్చుకోలేదు. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు నేను.

"రేపు మళ్ళీ పిలుద్దువు గాని. గొర్రెలెక్కడికి పోతాయి?" అన్నాడు మా అయ్య.

రోజూ పిలిచాను. రొప్పు వస్తే ఆగేవాణ్ణి. ఆపకుండా రెండో కేక వేయబోతే మా అయ్య కర్రతో నేల మీద కొట్టేవాడు, కూర్చో అన్నట్టు. ఒక సాయంత్రం ముసలి గొర్రె ఒకటి తల ఎత్తింది. చెవులు ఆడించింది. మేత వదిలి, పని ఉన్నట్టు నెమ్మదిగా నా వైపు నడిచి వచ్చింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. ఆ పూట ఇంటికి వచ్చి దీపం ఊదితే ఒక్క ఊదుకి ఆరిపోయింది. చీకట్లో మా అమ్మ నవ్వడం వినిపించింది.

ఆ మాఘంలోనే ఒకనాడు డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ మా అయ్యకి చెప్పాను. కాపలావాళ్ళ సంగతి, పోట్లాట సంగతి, ఆట ఎవరు ఆపారని ఆమె అడిగిన సంగతి. ఆయన చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు. అన్నం దగ్గర కూర్చున్నాక గట్టిగా పిలిచాడు.

"ఓలే రాములూ, ఉలవసారు ఇంకాస్త ఎయ్యి."

కార్తీకం తర్వాత కోడల్ని ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదలు. రాములమ్మ ఎంత చారు పోసిందంటే, అన్నం తేలింది.

చైత్రం, 1969

గడ్డ అవతలి ఊరివాళ్ళు మళ్ళీ వచ్చారు, అమ్మవారి పండగకి తాంబూలం పట్టుకుని. నేను అక్కడ పడిన దగ్గర నుంచీ ఆ ఊరి గాలి మంచిది కాదని చుట్టుపక్కల మాట పుట్టిందట. వేరే జట్లు రావడం లేదట.

"మా ఊల్లో పడ్డావు. మా ఊల్లోనే లెగాల. లేదంటే మా మొకాలు ఎక్కడ సూపించుకుంటాం?" అన్నాడు వాళ్ళ పెద్ద.

ఇంట్లో అందరూ రాములమ్మ వైపు చూశారు. మా అయ్య కూడా.

"ఎల్తాడు," అంది. "గెంతడు, నిలబడి పాడతాడు. నాను దగ్గిరే ఉంటాను."

"అక్కర్లేదే. ఈపాలి నానే ఆపుతాను" అన్నాను.

అది మగాడి మాటగా అన్నాను. తప్పెట కట్టుకుంటుంటే రేకు చల్లగా తగిలింది. కాయ కట్టిన చోటు మెత్తబడిపోయి ఉంది. గజ్జెలు నేను కట్టుకోలేదు. మధ్యలో నిలబడి మొదటి దరువు ఎత్తాను. గొంతు మునుపటి గొంతు కాదు, కాస్త బొంగురు. కానీ నాదే. జనం అలా ఊపిరి బిగబట్టి వింటున్నారు, ఎప్పుడు పడతాడా అని కొందరు, పడకూడదని కొందరు.

పాట పొంగు మీదకి వచ్చింది. ఈలలు మొదలయ్యాయి. కుర్రాళ్ళ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నా చేతులు వాటంతట అవే జోరందుకున్నాయి, గుర్రానికి దారి తెలిసినట్టు. సరిగ్గా అప్పుడు ఛాతీలో తలుపు తట్టినట్టయింది. మునుపటిదే. గుర్తుపట్టాను. సింహాచలం నా మొహం చూశాడు, వాడి చూపూ మునుపటిదే.

దరువు దించాను. ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా, మా తాత దించినట్టు. పాట మధ్యలో, ఇంకా చరణం మిగిలి ఉండగా, రెండు చేతులూ పైకెత్తాను. గజ్జెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

మరుక్షణం ఆ ఊరి పెద్ద, ఇంకో ఇద్దరు, నులకమంచం ఒకటి మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. నేను మళ్ళీ పడిపోతానేమోనని పొద్దున్నే సిద్ధం చేసి పెట్టుకున్నారట! నవ్వాపుకోలేకపోయాను. నవ్వడానికి గాలి ఉంది. తెచ్చిన మంచం మీద దర్జాగా కూర్చున్నాను. చెంబుడు నీళ్ళు తాగాను. ఊపిరి దానంతట అది సర్దుకునేదాకా, ఊరంతా చూస్తుండగా, రాజులా కూర్చున్నాను. ఈ నేల మీద ఏ గురువూ అలా కూర్చుని ఉండడు. నాకు ఏమాత్రం సిగ్గు వెయ్యలేదు.

మా అయ్య జనంలోంచి కర్ర ఊతంతో ముందుకి వచ్చాడు. 

"మా అయ్య కాలం నుంచీ సూస్తన్నాను. ఎత్తినోళ్ళని సానామందిని సూసినాను. పాట మద్దిన ఆపినోణ్ణి నిన్నే సూసినాను" అన్నాడు. తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది.

కుర్రాళ్ళూ, అందుకే ఇది రాశాను. ఇప్పుడు మన జట్టులో ఎవడి ఊపిరి తప్పినా వాడే చెయ్యెత్తవచ్చు, ఆట ఆగుతుంది. ఆ కట్టుబాటు నేను పెట్టిందే, కాదన్నవాళ్ళు నాతో మాట్లాడండి. జ్వరం దిగిందని తప్పెట కట్టకండి. ఊపిరి అందకపోతే దాసుడి కోసం, నా కోసం చూడకుండా ఆసుపత్రికి పొండి. ఛాతీ పెద్దదని ధీమా పడకండి, నా ఛాతీ కన్నా పెద్దది మీలో ఎవడికీ లేదు.

ఆ సాయంత్రం సంగతి పూర్తి చేస్తాను. ఊపిరి సర్దుకుంది. లేచి నిలబడి తప్పెట సరిచేసుకున్నాను. మిగిలిన చరణం, ఏ మాట దగ్గర ఆపానో ఆ మాట దగ్గరే ఎత్తాను. గజ్జెలు ఘల్లుమన్నాయి. జనం అంచున నిలబడి ఉన్న రాములమ్మ, నడుముకి బిగించి ఉంచుకున్న కొంగు అప్పుడు విప్పి, మొహం తుడుచుకుంది.